6,753 ఓట్ల తేడా: ఫ్లోరిడా వ్యవసాయ కమిషనర్ ఎన్నిక, 2018

మన దగ్గర వ్యవసాయ మంత్రి పదవి కోసం ఎవరూ ఇంటింటికీ తిరిగి ఓటు అడగరు. ముందు ఎమ్మెల్యేగా గెలవాలి, తర్వాత ముఖ్యమంత్రి జాబితాలో పేరుండాలి, ఆ పైన ఏ శాఖ దక్కితే అది. అమెరికాలోనూ ఎక్కువ రాష్ట్రాల్లో వ్యవసాయ శాఖాధిపతి నియమితుడే. 12 రాష్ట్రాల్లో మాత్రం ఆ మనిషిని ఓటర్లే నేరుగా ఎన్నుకుంటారు. టెక్సస్, జార్జియా, ఉత్తర కరోలినా, ఫ్లోరిడా ఆ పన్నెండింటిలోవి.

2018 నవంబరు 6న ఫ్లోరిడాలో జరిగిన అలాంటి ఎన్నిక గురించే ఇది. రెండు పార్టీలకూ కలిపి 80,59,155 ఓట్లు పడితే, గెలిచిన డెమొక్రాట్ నికీ ఫ్రీడ్‌కూ ఓడిన రిపబ్లికన్ మాట్ కాల్డ్‌వెల్‌కూ మధ్య తేడా 6,753. వెయ్యి మందిలో ఒక్కరు కూడా కాదు.

నేను టాంపాలో ఉంటాను. ఎన్నికల ఏడాదుల్లో కౌంటీ (మన జిల్లాలాంటిది) స్థాయి అభ్యర్థులకు ఓటరు జాబితాల పని, పోస్టల్ బ్యాలెట్ల వెంట పడే పని చేస్తాను. 2018లో కూడా ఒక స్థానిక అభ్యర్థి దగ్గర పని చేశాను. ఫ్రీడ్ దగ్గరా కాదు, కాల్డ్‌వెల్ దగ్గరా కాదు. కాబట్టి ఇందులో లోపలి గదుల కబుర్లు ఉండవు. బయటికి కనిపించిన ప్రచారం, ఫలితాల పట్టికలు, లెక్కింపు సాగిన రెండు వారాల్లో నా చేతుల మీదుగా వెళ్ళిన కొన్ని కాగితాలు, ఇవే నా ఆధారాలు. ఏడాది పాటు నేను ఈ ఎన్నికను ఒక రకంగా అర్థం చేసుకుని నలుగురికీ చెప్పాను. తర్వాత పట్టికలు పక్కపక్కన పెట్టుకుని కూడికలు, తీసివేతలు చేశాక నేను చెప్పిందాంట్లో సగం తప్పని తేలింది.

పదవి పేరు ఒకటి, పని ఒకటి

ఈ శాఖ పూర్తి పేరు వ్యవసాయ, వినియోగదారుల సేవల శాఖ. పేరులో ఆ రెండో ముక్కను ఎవరూ పలకరు. నిజానికి శాఖ బరువంతా అక్కడే ఉంది. పెట్రోలు బంకులో మీటరు సరిగ్గా తిరుగుతోందా, కిరాణా కొట్టులో తూకం సరిగ్గా ఉందా అని చూసేది ఈ శాఖే, మన తూనికలు కొలతల శాఖలాగా. బళ్ళలో పిల్లల మధ్యాహ్న భోజన పథకం 2012 నుంచి దీని చేతిలో ఉంది. అడవుల్లో కార్చిచ్చు ఆర్పేదీ వీళ్ళే. తిరనాళ్ళలో తిరిగే రంగులరాట్నాలకు తనిఖీ చీటీ ఇచ్చేదీ వీళ్ళే, కాకపోతే సొంత ఇన్‌స్పెక్టర్లున్న డిస్నీ లాంటి భారీ పార్కులకు మినహాయింపు ఉంది. అన్నిటికన్నా విడ్డూరం, బట్టల చాటున తుపాకి పెట్టుకుని తిరగడానికి లైసెన్సు ఇచ్చేది కూడా ఈ వ్యవసాయ శాఖే.

ఫ్లోరిడాలో వ్యవసాయ కమతాలు సుమారు 47 వేలు. ఆ ఏటికి తుపాకి లైసెన్సులు దాదాపు 20 లక్షలు. శాఖకు నిజమైన ఖాతాదారు ఎవరో ఈ రెండు అంకెలే చెబుతాయి.

ఇంకో సంగతి కూడా ఉంది. ఫ్లోరిడాలో వ్యవసాయ కమిషనర్ గవర్నర్ కింద పనిచేసే అధికారి కాదు. గవర్నర్, అటార్నీ జనరల్, ముఖ్య ఆర్థికాధికారి, వ్యవసాయ కమిషనర్, నలుగురూ విడివిడిగా ఎన్నికై రాష్ట్ర కేబినెట్‌గా కూర్చుంటారు. ప్రభుత్వ భూముల మీద, ఖైదీల క్షమాభిక్ష మీద నలుగురికీ ఓటు ఉంటుంది. శిక్ష అనుభవించి బయటికొచ్చినవాళ్ళకు ఓటు హక్కు తిరిగి ఇవ్వాలా వద్దా అని అప్పటిదాకా తేల్చింది ఈ నలుగురే. అదే నవంబరు 6న ఆ హక్కును చాలామందికి తిరిగి ఇచ్చే రాజ్యాంగ సవరణకు ఓటర్లు 64 శాతం పైగా ఓట్లతో ఆమోదం తెలిపారు.

ఇంత పనున్న పదవికి ఏళ్ళ తరబడి ప్రచారం ఎలా జరిగిందంటే, గడ్డం గీసుకున్న పెద్దమనిషి, వెనకాల నారింజ తోట, పక్కన పికప్ వాహనం, అంతే. నారింజ తోటల పరిస్థితి చూస్తే ఆ ఫొటో కూడా పాతబడిపోయింది. 2005లో సిట్రస్ గ్రీనింగ్ తెగులు బయటపడింది. 2003–04లో 24 కోట్ల పెట్టెలు దాటిన నారింజ దిగుబడి, ఇర్మా తుపాను దెబ్బ కూడా తగిలిన 2017–18 నాటికి నాలుగున్నర కోట్ల పెట్టెలకు పడిపోయింది. పెట్టె అంటే 41 కిలోలు. నల్లగొండలో, అనంతపురంలో బత్తాయి తోటలు కొట్టేయడం చూసినవాళ్ళకు ఈ అంకెల వెనక ఉన్న గుండెకోత వేరే చెప్పక్కర్లేదు.

ఇద్దరు అభ్యర్థులు

కాల్డ్‌వెల్ లీ కౌంటీ మనిషి. ఏడు తరాలుగా ఫ్లోరిడాలో ఉన్న కుటుంబం. 2010 నుంచి రాష్ట్ర శాసనసభ్యుడు. నలుగురు పోటీపడిన రిపబ్లికన్ ప్రాథమిక ఎన్నికలో (పార్టీ అభ్యర్థి ఎవరో ఆ పార్టీ ఓటర్లే తేల్చే ఎన్నిక) నెగ్గి వచ్చారు. పదవికి అలవాటైన అచ్చులో సరిగ్గా ఇమిడే అభ్యర్థి.

ఫ్రీడ్ ఆ అచ్చులో ఎక్కడా ఇమడరు. మయామిలో పుట్టారు, బ్రోవర్డ్ కౌంటీలో ఉంటారు, వృత్తి లాయరు. ఒకప్పుడు గైన్స్‌విల్‌లో పేదల తరఫున వాదించే ప్రభుత్వ న్యాయవాది. తర్వాత వైద్య గంజాయి వ్యాపారుల తరఫున లాబీయిస్టు. పొలం లేదు, పాడి లేదు. ప్రాథమిక ఎన్నికలో ఆమెతో తలపడిన ఇద్దరిలో ఒకరు వ్యవసాయ పట్టణం హోమ్‌స్టెడ్ మేయరు. అయినా సగానికి పైగా ఓట్లతో ఆమే గెలిచారు.

ప్రచార వృత్తిలో ఉన్నవాళ్ళం ఇలాంటి అభ్యర్థి వస్తే మొదట చేసే పని ఒకటుంది. లేని బురదను కాళ్ళకు పూయడం. బూట్లు కొనిపించి, పొలం గట్టున నిలబెట్టి ఫొటో తీయించడం. నేనే చేశాను ఒకసారి, ఫొటోలో మా అభ్యర్థి పట్టుకున్న పారకు ధర చీటీ అలాగే వేలాడుతోందని కరపత్రం అచ్చయ్యాక చూసుకున్నాం. ఫ్రీడ్ ప్రచారం ఆ దారి పట్టలేదు. తనకు లేని రైతు వేషం వేసుకునే బదులు, ఈ పదవి రైతులది మాత్రమే కాదని ఓటరుకు చెప్పడం మొదలుపెట్టింది. అభ్యర్థిని పదవికి తగ్గట్టు కోయలేదు, పదవినే అభ్యర్థికి సరిపడేలా విప్పి చూపించింది.

గంజాయి, తుపాకులు, నీళ్ళు

మూడు విషయాలు ఎత్తుకున్నారు. మూడూ ఆ వేసవిలో జనం నోళ్ళలో నానుతున్నవే.

తుపాకులది అసలు బలమైన అంశం. 2018 ఫిబ్రవరి 14న బ్రోవర్డ్ కౌంటీలోని పార్క్‌లాండ్‌లో ఒక హైస్కూల్లో కాల్పులు జరిగి 17 మంది చనిపోయారు. ఆ కాల్పులకూ వ్యవసాయ శాఖ ఇచ్చే లైసెన్సుకూ సంబంధం లేదు. కానీ జూన్‌లో ఒక వార్త వచ్చింది. తుపాకి లైసెన్సు అడిగినవాళ్ళ నేర చరిత్రను జాతీయ జాబితాతో సరిచూసే పని ఆ శాఖలో ఏడాదికి పైగా ఆగిపోయిందట. కారణం, చూడాల్సిన ఉద్యోగి కంప్యూటర్‌లో లాగిన్ కాలేకపోవడం. తర్వాత తిరగేసి చూసి 291 లైసెన్సులు రద్దు చేయాల్సి వచ్చింది. అప్పటి కమిషనర్ ఆడమ్ పట్నం, ఏడాది కిందటే తుపాకి హక్కుల సంఘానికి అమ్ముడుపోయానని గర్వంగా చెప్పుకున్న మనిషి. ఆయన గవర్నర్ పదవికి పోటీ చేసి ఆగస్టు 28న సొంత పార్టీ ప్రాథమిక ఎన్నికలోనే రాన్ డిసాంటిస్ చేతిలో ఓడిపోయారు.

ఇక్కడ ఫ్రీడ్ చూపిన నేర్పు గమనించాలి. తుపాకులు లాక్కుంటానని అనలేదు. తన దగ్గరా ఆ లైసెన్సు ఉందన్నారు. లైసెన్సు ఇచ్చే ముందు చూడాల్సింది చూడాలి, శాఖ చూడలేదు, నేను చూస్తాను, అంతవరకే. తుపాకి మీద వాదన పెట్టుకుంటే రాష్ట్రం నిలువునా చీలుతుంది. లాగిన్ కాని కంప్యూటర్ మీద వాదన పెట్టుకుంటే ఎవరూ ఎదురు చెప్పలేరు.

నీళ్ళ సంగతి ఆ ఏడు కళ్ళకు కనిపించేది, ముక్కుకు తగిలేది. ఓకిచోబీ సరస్సు నుంచి వదిలిన నీళ్ళతో రెండు తీరాల నదుల్లో పచ్చటి నాచు పేరుకుంది. నైరుతి తీరంలో ఎర్ర అల (సముద్రంలో పెరిగే విషపు నాచు) వచ్చి చేపలు కుప్పలుగా కొట్టుకొచ్చాయి. అది కాల్డ్‌వెల్ సొంత ప్రాంతం. పొలాల నుంచి, పశువుల కొట్టాల నుంచి సరస్సులోకి చేరే ఎరువుల సంగతి చూడాల్సిన శాఖల్లో ఇది ఒకటి కాబట్టి ఆ ప్రశ్న న్యాయమైనదే.

గంజాయి మాట వేరు. వైద్యం కోసం గంజాయి వాడుకునే హక్కును 2016లో 71 శాతం ఓటర్లు ఒప్పుకున్నారు. 2017లో శాసనసభ దాన్ని పొగగా పీల్చడానికి వీల్లేదని చట్టం చేసింది. జనం ఇచ్చింది నాయకులు వెనక్కి తీసుకున్నారన్న మంట ఉంది. ఫ్రీడ్ దాన్ని పట్టుకున్నారు. కానీ ఫ్లోరిడాలో వైద్య గంజాయి పర్యవేక్షణ ఆరోగ్య శాఖది. వ్యవసాయ కమిషనర్‌కు అందులో చిటికెడు పాత్ర మాత్రమే. మూడింటిలో అన్నిటికన్నా ఎక్కువ వినిపించిన హామీ, ఆ కుర్చీకి అన్నిటికన్నా తక్కువ అధికారమున్న విషయం మీద. మన ఊళ్ళో సర్పంచి అభ్యర్థి రైలు ఆపిస్తానన్నట్టు. ఆ నిషేధం 2019 మార్చిలో పోయింది. ఎత్తేయించింది ఎవరు? గవర్నరైన డిసాంటిస్.

మూసేసిన బ్యాంకు ఖాతా

2018 ఆగస్టులో వెల్స్ ఫార్గో బ్యాంకు ఫ్రీడ్ ప్రచార ఖాతా మూసేసింది. వైద్య గంజాయి పరిశ్రమ నుంచి విరాళాలు వస్తున్నాయన్నది కారణం. రాష్ట్రంలో చట్టబద్ధమే అయినా కేంద్ర చట్టంలో గంజాయి అప్పటికీ నేరమే, బ్యాంకుల భయం అది. ఆమె ఇంకో బ్యాంకుకు వెళ్తే అదీ కొన్నాళ్ళకు మూసేసింది.

ప్రచారం నడిపేవాళ్ళకు ఇంతకన్నా పీడకల ఉండదు. జీతాలు, టీవీ ప్రకటనల డబ్బు, విరాళాల లెక్కలు అన్నీ ఆ ఖాతా మీదే నడుస్తాయి. నేనైతే గుట్టుగా ఇంకో బ్యాంకు వెతుక్కునేవాణ్ణి. ఆమె విలేకరులను పిలిచి చెప్పారు. చట్టం ప్రకారం నడిచే రోగులకు, వ్యాపారులకు రోజూ జరిగేదే నాకూ జరిగింది అన్న ధోరణిలో. అప్పటిదాకా రాష్ట్రంలో చాలామందికి ఆమె పేరే తెలియదు. ఎదుటివాళ్ళ దగ్గర ఖర్చుకు డబ్బు బాగా ఉంది. ఈమెకు మాత్రం దేశమంతా వార్త ఊరికే వచ్చింది.

మాస్టారి సంతకం

ఫ్లోరిడాలో పోస్టల్ బ్యాలెట్ ఎవరైనా అడిగి తెప్పించుకోవచ్చు. ఓటు వేసి కవరు మీద సంతకం పెట్టి పంపాలి. ఆ సంతకం ఎన్నికల కార్యాలయం దగ్గరున్న నమూనాతో కలవకపోతే ఓటు పక్కన పెడతారు. అప్పట్లో సరిదిద్దుకోవడానికి పోలింగుకు ముందు రోజు సాయంత్రం 5 గంటల దాకా గడువు. ఆ జాబితాలు మాకు అందుతాయి. ఫోన్లు చేసి, సంతకం కలవలేదండీ, ఈ కాగితం నింపి గుర్తింపు కార్డు నకలు పంపండి అని చెప్పడం మా పని.

అక్టోబరు చివర్లో ఆ జాబితాలో ఒక తెలుగు పేరు కనిపించింది. తెనాలి వైపు నుంచి వచ్చి కొడుకు దగ్గర ఉంటున్న రిటైర్డ్ మాస్టారు. పౌరసత్వం వచ్చాక ఇదే మొదటి ఓటు.

“మాస్టారూ, మీ కవరు మీద సంతకం కలవలేదట.”

“కలవకపోవడం ఏమిటయ్యా? ముప్పై ఏళ్ళు ప్రోగ్రెస్ కార్డుల మీద పెట్టిన సంతకం అది.”

“అదే చిక్కు మాస్టారూ. డ్రైవింగ్ లైసెన్సు తీసుకున్నప్పుడు ఇంగ్లీషులో పెట్టారు. కవరు మీద తెలుగులో పెట్టారు.”

కాసేపు మాట లేదు. “ఓటు కదా, మన సంతకం పెట్టాలనిపించింది” అన్నారు.

మర్నాడు వాళ్ళబ్బాయి ఆ కాగితం పట్టుకెళ్ళి ఇచ్చాడు. కార్యాలయంలో ఒకరు తీసుకుని, ఇంకొకరు ఇలాంటిది చెల్లదని వెనక్కి ఇచ్చి, మూడోవారు మళ్ళీ తీసుకున్నారు. మొత్తానికి ఓటు లెక్కలోకి వచ్చింది. ఆ ఫోన్లోనే మాస్టారు ఇంకో మాట అన్నారు. “ఎంత పొడుగు కాగితమయ్యా అది! గవర్నర్ దగ్గర గీశాను, సెనెటర్ దగ్గర గీశాను. వ్యవసాయం అని ఉన్నచోట ఆగాను. ఇక్కడ నాకు సెంటు భూమి లేదు, మనకెందుకని వదిలేశాను.”

పెట్రోలు బంకు మీటరు చూసేది వాళ్ళే మాస్టారూ, మీ మనవడి బడి భోజనం కూడా, అన్నాను. “ఆ మాట ముందు చెప్పొద్దూ!” అని కోప్పడ్డారు. కవరు అంటించాక చేసేదేమీ లేదు.

ఆ మాటతోనే అంతకుముందు వారం మా సొంత అభ్యర్థి కరపత్రం గుర్తొచ్చి సిగ్గేసింది. మూడు వేల ఇళ్ళకు పంచాం. మా అభ్యర్థి అడుగుతున్న పదవి ఏం చేస్తుందో అందులో ఒక్క ముక్క లేదు.

రెండు వారాల లెక్కింపు

పోలింగు రాత్రి కాల్డ్‌వెల్ ముందున్నారు, గెలిచానని ప్రకటించుకున్నారు. తర్వాత రెండు రోజుల్లో బ్రోవర్డ్, పామ్ బీచ్ కౌంటీల పోస్టల్ ఓట్లు లెక్కలోకి వస్తుంటే ఆధిక్యం కరిగి, గురువారానికి ఫ్రీడ్ ముందుకొచ్చారు. 10వ తేదీ మధ్యాహ్నానికి ఆమె ఆధిక్యం 5,300 చిల్లర. కాల్డ్‌వెల్ బ్రోవర్డ్ అధికారుల మీద కోర్టుకు వెళ్ళారు.

ఫ్లోరిడా చట్టం ప్రకారం తేడా అర శాతం లోపు ఉంటే యంత్రాలతో మళ్ళీ లెక్కించాలి. పావు శాతం లోపు ఉంటే మనుషులు చేత్తో చూడాలి. చేత్తో అంటే అన్ని ఓట్లూ కాదు. ఒక పదవికి ఇద్దరికి గీసినవి, ఎవరికీ గీయనట్టు యంత్రానికి కనిపించినవి మాత్రమే. ఓటరు ఉద్దేశం కాగితం మీద తెలుస్తోందా అని చూస్తారు. గడిలో చుక్క నింపకుండా పేరు చుట్టూ సున్నా చుట్టినవాళ్ళు, టిక్కు పెట్టినవాళ్ళు, తప్పు గీసి కొట్టేసి పక్కన సరిగ్గా గీసినవాళ్ళు. నాకు ఆ కాగితాలంటే ప్రాణం. మనుషుల చేతివాటం అంతా వాటిలో కనిపిస్తుంది.

ఆ ఏడు సెనేట్, గవర్నర్, వ్యవసాయ కమిషనర్, మూడు పదవులకూ ఒకేసారి రాష్ట్రమంతా మళ్ళీ లెక్కించాల్సి వచ్చింది. గడువు నవంబరు 15 మధ్యాహ్నం 3 గంటలు. బ్రోవర్డ్ కౌంటీ లెక్క పూర్తిచేసి రెండు నిమిషాలు ఆలస్యంగా పంపింది, చెల్లలేదు. పామ్ బీచ్‌లో పాత యంత్రాలు మొరాయించాయి. మా హిల్స్‌బరోలో మళ్ళీ లెక్కిస్తే 846 ఓట్లు తక్కువ వచ్చాయి, మధ్యలో కరెంటు పోయిందట. మా కౌంటీ అధికారి పాత లెక్కనే ఉంచారు. అది సరైన నిర్ణయమేనని నా అభిప్రాయం, తక్కువ ఓట్లున్న లెక్క ఎలా నిజమవుతుంది? అదే 15న కేంద్ర కోర్టు జడ్జి ఒకరు, సంతకం కలవక ఆగిపోయిన ఓటర్లకు 17 దాకా గడువిచ్చారు. మళ్ళీ ఫోన్లు. అప్పటికి మా అభ్యర్థి ఓడిపోయి పది రోజులు. అయినా చేశాం, వేరే వాళ్ళ ఓట్లకైనా ఎవరో ఒకరు చేయాలి కదా.

చేతి లెక్క ముగిశాక ఫ్రీడ్ ఆధిక్యం 6,753కు పెరిగింది. 19న కాల్డ్‌వెల్ ఓటమి ఒప్పుకున్నారు. ఆ పదవికి ఎన్నికైన మొదటి మహిళ ఫ్రీడ్. ఆ ఏడు రాష్ట్రస్థాయిలో గెలిచిన ఏకైక డెమొక్రాట్ కూడా ఆమే. 2006 తర్వాత ఆ పార్టీకి కేబినెట్‌లో కుర్చీ దక్కడం అదే మొదలు.

కూడికలు, తీసివేతలు

ఆ ఏడాదంతా నేను చెప్పిన కథ ఇది. ఫ్రీడ్ తన పార్టీ పెద్ద అభ్యర్థుల కన్నా ఎక్కువ ఓట్లు లాగారు, మూడు అంశాలతో అవతలి పార్టీ ఓటర్లను తిప్పుకున్నారు, అందుకే మిగతావాళ్ళు ఓడినచోట ఆమె గెలిచారు. వినడానికి బాగుంటుంది. ఇప్పుడు అంకెలు చూడండి.

గవర్నర్ ఎన్నికలో డెమొక్రాట్ ఆండ్రూ గిల్లమ్‌కు 40,43,723 ఓట్లు. ఓడిపోయారు. సెనేట్‌కు బిల్ నెల్సన్‌కు 40,89,472. ఓడిపోయారు. ఫ్రీడ్‌కు 40,32,954. ముగ్గురిలోకీ తక్కువ ఓట్లు ఆమెవే, గెలిచింది ఆమె.

అటు వైపు డిసాంటిస్‌కు 40,76,186, సెనేట్‌కు రిక్ స్కాట్‌కు 40,99,505, కాల్డ్‌వెల్‌కు 40,26,201. అంటే గవర్నర్ అభ్యర్థితో పోలిస్తే ఫ్రీడ్‌కు 10,769 ఓట్లు తగ్గాయి, కాల్డ్‌వెల్‌కు 49,985 తగ్గాయి. ఆ రెండు తరుగుల మధ్య ఉన్న 39,216 ఓట్లే ఈ ఎన్నిక. డిసాంటిస్ 32,463 ఆధిక్యం దాంట్లో కరిగిపోయి, మిగిలింది 6,753.

కిందకు జారుతున్న ఇద్దరిలో ఆమె తక్కువ జారారు. జనాన్ని ఊపేశారనడం వేరు, ఇది వేరు. మా మాస్టారిలాంటివాళ్ళు గవర్నర్ దగ్గర గీసి వ్యవసాయం దగ్గర ఆగిపోతారని ప్రతి ఎన్నికలోనూ తెలిసిందే. ఇక్కడ ఆగిపోయినవాళ్ళు ఎక్కువగా అవతలి వైపు వాళ్ళు కావచ్చు. లేదా రెండు మూడు వందల మందిలో ఒకరు పార్టీ దాటి గీసి ఉండవచ్చు. రహస్య ఓటు కాబట్టి పట్టిక రెంటికీ తేడా చూపించదు. పైగా గవర్నర్ బ్యాలెట్‌లో చిన్న పార్టీల, స్వతంత్ర అభ్యర్థులకు లక్ష ఓట్లు పోయాయి. వ్యవసాయానికి ఇద్దరే. ఆ లక్షమంది ఇక్కడికొచ్చి ఎటు గీశారో, గీశారో లేదో కూడా పట్టిక చెప్పదు. గంజాయి గెలిపించిందని బల్ల గుద్ది చెప్పినవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి, ఆ బల్ల ఇప్పుడు నేనే తుడుస్తున్నాను.

బ్రోవర్డ్ బ్యాలెట్ సంగతి మరీ వింత. అక్కడ సెనేట్ ఎన్నికను కాగితం ఎడమ వైపు, పొడుగాటి సూచనల అడుగున అచ్చేశారు. చాలామందికి అది కంటపడలేదు. ఫలితంగా ఆ కౌంటీలో అమెరికా సెనేట్‌కు పడిన ఓట్ల కన్నా వ్యవసాయ కమిషనర్‌కు పడిన ఓట్లు ఎక్కువ! నెల్సన్ 10,033 ఓట్లతో ఓడిపోయారు. వ్యవసాయం పదవి కాగితం మీద కళ్ళకు ఆనే చోట పడింది. ఎవరి వ్యూహమూ కాదది, అచ్చు వేసినవాళ్ళ పేజీ అమరిక.

అక్టోబరు 10న మైకేల్ తుపాను ఉత్తర కోస్తాను తుడిచిపెట్టింది. అక్కడ అడవులు, పత్తి, ఇళ్ళు, పోలింగు కేంద్రాలు అన్నీ పోయాయి. ఆ కౌంటీలు రిపబ్లికన్లకు కంచుకోటలు. ఊరు వదిలిపోయినవాళ్ళు, విలీనం చేసిన దూరపు కేంద్రాలకు వెళ్ళలేకపోయినవాళ్ళు ఎంతమందో. అయితే ఆ నష్టం డిసాంటిస్‌కూ స్కాట్‌కూ కాల్డ్‌వెల్‌కూ సమానమే. కాబట్టి కాల్డ్‌వెల్ వాళ్ళ కన్నా ఎందుకు వెనకబడ్డారో అది చెప్పదు. కాకపోతే 6,753 లాంటి తేడా ఉన్నప్పుడు ఏ ఒక్క గాలివాననూ పక్కకు నెట్టలేం.

ఇన్ని మినహాయింపుల తర్వాత ప్రచారానికి మిగిలిన వాటా ఎంత? నా అంచనా ఇది, అంచనా మాత్రమే. నగరాల్లో, శివారుల్లో ఆమె పార్టీ ఓటర్లు బ్యాలెట్‌లో కిందిదాకా వచ్చి ఆ గడి వదలకుండా నింపడానికి ఆ ప్రచారం పనికొచ్చింది. పదవి ఏం చేస్తుందో తెలిసినవాళ్ళు దాన్ని దాటుకుని పోరు. తుపాకి లైసెన్సుల వార్త మాత్రం అవతలి వైపు కొందరిని ఆ గడి దగ్గర తటపటాయించేలా చేసి ఉంటుంది. గంజాయి వల్ల పేరు తెలిసింది, బ్యాంకు వల్ల ఆ పేరు ఇంకొంచెం దూరం వెళ్ళింది. అంతకన్నా గట్టిగా అంటే అబద్ధమవుతుంది.

ఆ తర్వాత

2019లో ఫ్రీడ్ పదవిలోకి వచ్చారు. ఆ ఏడాదిలోనే రాష్ట్రంలోని పెట్రోలు బంకుల్లో పంపుల మీద అంటించే తనిఖీ స్టిక్కర్లపై ఆమె ఫొటో కనిపించింది. ప్రత్యర్థులు గగ్గోలు పెట్టారు, ప్రభుత్వ డబ్బుతో సొంత ప్రచారమని. ఆ విమర్శలో తప్పు లేదు. అయినా నా వృత్తి బుద్ధి ఊరుకోదు, బండిలో పెట్రోలు పోసుకుంటున్నప్పుడల్లా ఆ స్టిక్కర్ కేసి చూసేవాణ్ణి. పదవి పనిని పదవి పేరుతో కలిపి చూపించిన ఒకే ఒక్క కరపత్రం అది, ప్రతి ఓటరూ వారానికోసారి దాని ముందు మూడు నిమిషాలు నిలబడక తప్పేది కాదు.

2022లో ఆమె గవర్నర్ పదవి కోసం పార్టీ ప్రాథమిక ఎన్నికలో దిగి ఓడిపోయారు. వ్యవసాయ కమిషనర్ పదవి రిపబ్లికన్ విల్టన్ సింప్సన్‌కు దక్కింది, గుడ్ల ఫారం నడిపే మనిషి, 59 శాతం దాకా ఓట్లతో. పాత అచ్చు మళ్ళీ వచ్చి కూర్చుంది. 2023 నుంచి ఫ్రీడ్ రాష్ట్ర డెమొక్రటిక్ పార్టీ అధ్యక్షురాలు. కాల్డ్‌వెల్ 2020లో లీ కౌంటీలో ఆస్తుల విలువ కట్టే అధికారిగా ఎన్నికయ్యారు.

నా పనిలో మారింది ఒకటే. ఇప్పుడు ఏ అభ్యర్థి కరపత్రమైనా మొదటి వరసలో అభ్యర్థి పేరు ఉండదు, ఆ కుర్చీలో కూర్చున్న మనిషి మీ ఇంటికి ఏ పని చేసిపెడతారో ఉంటుంది. అచ్చుకు పంపే ముందు చిత్తు ప్రతిని మాస్టారికి చదివి వినిపిస్తాను. మొన్న ఒకటి వినిపిస్తే, “బాగానే ఉందయ్యా, కానీ ఆ గడి కాగితంలో ఎక్కడుంటుందో కూడా రాయి” అన్నారు.